జ్వరం తగ్గింది సరే, మూత్రం సంగతేమిటి?

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే మీరు ఏమేం అడుగుతారు? "ఎంత వుంది?" అంటారు. "దగ్గుందా? ఆకలవుతోందా? విరోచనమయిందా?" అంటారు. 2020 తరవాత వేలికి తగిలించి చూసే ఆక్సిజన్ మీటరు చాలా ఇళ్ళల్లో అలమారులోకి చేరింది గనక, "ఆక్సిజన్ ఎంత వుంది?" అని కూడా అడుగుతున్నారు. కాని "ఇవాళ ఎన్నిసార్లు ఒంటికి వెళ్ళావు?" అని అడిగేవారు అరుదు.

మిమ్మల్ని అనడం దేనికి? ఏళ్ళ తరబడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేస్తున్న నేనే ఒకసారి ఆ ప్రశ్న అడగలేదు. ఒకావిడ తనంతట తానే వచ్చి చెప్పినా సరిగా చెవిని పెట్టలేదు. ముందు ఆ సంగతి చెప్పి, తరవాత మీకు చెప్పవలసిన జాగ్రత్తలు చెబుతాను.

2021 మే నెల. కరోనా రెండోసారి విజృంభించిన రోజులు. మా ఆస్పత్రిలో ఒక్క పడక కూడా ఖాళీ లేదు. వరండాలో కూడా మనుషుల్ని పడుకోబెట్టాం. మా చూపంతా ఆక్సిజన్ మీద. సిలిండరు ఎప్పుడు వస్తుంది, ఎవరికి 90 వుంది, ఎవరికి 84కి పడిపోయింది - పొద్దున్నుంచి రాత్రి దాకా ఇదే లెక్క. ఆ రోజుల్లో బట్టలకొట్టు నడుపుకునే 52 ఏళ్ళ మనిషి ఒకాయన చేరాడు. ఎనిమిదేళ్ళుగా రక్తపోటు వుంది. మాత్రలు వేసుకున్నప్పుడు వేసుకుంటాడు, మానేసినప్పుడు మానేస్తాడు. చేరిన రోజు రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.4 వుంది. మామూలుగా 1.2 దాటకూడదు. చూశాను. "కొంచెమే కదా" అనుకుని కాగితం పక్కన పెట్టాను.

మూడోనాడు ఆయన భార్య గేటు దగ్గర నన్ను ఆపింది. లోపలికి రానివ్వడం లేదు గనక ఆవిడ భర్తతో ఫోన్‌లోనే మాట్లాడుతోంది. "డాక్టరుగారూ, ఆయన నిన్న రాత్రినుంచీ ఒంటికి వెళ్ళలేదటండీ. ఎప్పుడూ ఇలా వుండదండీ" అంది. నేను నడుస్తూనే, "ఏమీ తినడం లేదు కదమ్మా, అందుకే. ఆక్సిజన్ బాగానే వుంది, భయపడకండి" అన్నాను. ఆక్సిజన్ నిజంగానే బాగుంది. 94 వుంది. లోపలికి వెళ్ళాక ఇంకో ఇద్దరు ఆయాసంతో వచ్చారు. ఆవిడ మాట మరిచిపోయాను.

మర్నాడు పొద్దున ఆయన మగతగా వున్నాడు. పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 5.2. పొటాషియం గుండె ఆగిపోయేటంత హెచ్చుగా వుంది. వున్న మందులిచ్చి, అంబులెన్సులో నగరానికి పంపాం. అక్కడ 5 సార్లు డయాలసిస్ చేశారు. మనిషి దక్కాడు. కాని ఒక రాత్రీ ఒక పగలూ మేం పోగొట్టుకున్నాం. ఆ మాట ఆవిడ నన్ను ఎప్పుడూ అనలేదు. నేనే అనుకుంటూ వుంటాను.

కథ అక్కడితో అయిపోలేదు. మిగతాది చివర చెబుతాను. ముందు, ఊపిరితిత్తుల జబ్బు అనుకున్న కరోనాకి మూత్రపిండాలతో ఏమిటి పని అనేది చూద్దాం.

మూత్రపిండాలు చేసే పని

మన నడుముకి పైన, వెన్నెముకకి అటూ ఇటూ చిక్కుడు గింజ ఆకారంలో రెండు మూత్రపిండాలు వుంటాయి. ఒక్కొక్కటి పిడికిలంత. బరువు సుమారు 150 గ్రాములు. ఇంత చిన్న అవయవాలకి గుండె తోసే రక్తంలో 5వ వంతు పోతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు వున్నాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. ఇవి రోజుకి 180 లీటర్ల నీటిని వడగట్టి, అందులో ఒంటికి కావలసినదాన్ని మళ్ళీ రక్తంలోకి పీల్చి, చివరికి లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. మన గృహిణి బియ్యం కడిగి, రాళ్ళేరి, నీళ్ళు వంచేసినట్టు. ఆవిడ రోజుకి రెండు పూటలే చేస్తుంది. ఇవి రాత్రీ పగలూ చేస్తూనే వుంటాయి.

ఇంత పని చెయ్యాలంటే వీటికి రక్తమూ, ప్రాణవాయువూ ధారాళంగా అందాలి. ముఖ్యంగా మూత్రపిండం లోపలి భాగం మామూలు రోజుల్లో కూడా తక్కువ ప్రాణవాయువుతోనే నెట్టుకొస్తుంది. నెలాఖరు దాకా జీతం బొటాబొటిగా సరిపోయే సంసారం లాంటిది. అనుకోని ఖర్చు ఒకటి వచ్చిందంటే తట్టుకోలేదు. కరోనా అలాంటి అనుకోని ఖర్చు.

ఇంకో సంగతి. మూత్రపిండం గొడవ చెయ్యదు. పన్ను పాడైతే సలుపుతుంది. చెవిలో చీము పడితే నిద్ర పట్టనివ్వదు. మూత్రపిండం సగం పాడైనా నొప్పి వుండదు. రక్తంలో క్రియాటినిన్ కూడా సగానికి సగం పని పోయేదాకా పెద్దగా పెరగకపోవచ్చు. అందుకే "నాకేమీ బాధ లేదండీ" అనే మాటకి మూత్రపిండాల విషయంలో విలువ లేదు.

అంకెలు ఏం చెప్పాయి?

కరోనా జాతి వైరసులు మూత్రపిండాల్ని దెబ్బతియ్యడం 2020లో కొత్తగా మొదలయినది కాదు. 2003లో హాంకాంగ్‌లో సార్స్ అనే జబ్బు వచ్చింది. అదీ కరోనా జాతిదే. అక్కడి వైద్యులు 536 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే 36 మందికి మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నాయి. సంఖ్య చిన్నదే. కాని ఆ 36 మందిలో 33 మంది చనిపోయారు.

2020 మొదట్లో చైనాలోని వూహాన్‌లో ఆస్పత్రిలో చేరిన 701 మందిని చూస్తే, నూటికి 44 మందికి చేరేసరికే మూత్రంలో ఆల్బుమిన్ వంటి మాంసకృత్తులు పోతున్నాయి. నూటికి 27 మందికి మూత్రంలో రక్తకణాలు కనిపించాయి. కంటికి కనిపించే ఎరుపు కాదు, పరీక్షలో తెలిసేది. అదే సంవత్సరం మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూయార్క్ ప్రాంతపు ఆస్పత్రుల్లో చేరిన 5,449 మందిని లెక్కవేస్తే నూటికి 36 మందికి పైగా మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిన్నాయని తేలింది. వెంటిలేటరు మీద పెట్టినవాళ్ళలో అయితే నూటికి 90 మందికి. ఆ రోజుల్లో అంత సంపన్నమైన నగరంలోనూ డయాలసిస్ యంత్రాలూ, ఆ ద్రవాలూ, నర్సులూ చాలక అవస్థపడ్డారు.

ఈ అంకెలు చూసి మీరు హడలిపోవద్దు. ఇవన్నీ ఆస్పత్రిలో చేరవలసినంత తీవ్రంగా వచ్చినవాళ్ళ లెక్కలు. ఇంట్లోనే పడుకుని వారంలో లేచి తిరిగినవాళ్ళలో ఎక్కువమందికి మూత్రపిండాలు చెక్కుచెదరలేదు. టీకాలు వచ్చాక, చాలామందికి ఒకటి రెండుసార్లు జబ్బు వచ్చి పోయాక, తీవ్రత బాగా తగ్గింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరసు మాత్రం మన మధ్యనే వుంది. ముసలివాళ్ళకీ, షుగరు, బి.పి. వున్నవాళ్ళకీ, ముందే మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళకీ అది ఇప్పటికీ చిన్న జబ్బు కాదు.

దెబ్బ ఎలా తగులుతుంది?

ఒక్క దారిన కాదు, నాలుగైదు దారుల్లో.

మొదటిది, ఒంట్లో నీరు ఎండిపోవడం. నాలుగైదు రోజులు జ్వరం, చెమటలు, వాంతులు, విరోచనాలు. నోటికి రుచి లేక తిండీ నీళ్ళూ తగ్గిపోతాయి. రక్తం పరిమాణం తగ్గుతుంది, మూత్రపిండానికి అందే రక్తమూ తగ్గుతుంది. పైగా ఆ రోజుల్లో మాకు ఒక ధర్మసంకటం వుండేది. సెలైను ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుంది. తక్కువ ఎక్కిస్తే మూత్రపిండాలు ఎండుతాయి. ఊపిరితిత్తుల్ని కాపాడుకోవాలన్న తొందరలో చాలామంది రోగులు లోపల ఎండిపోయారు.

రెండోది, ప్రాణవాయువు తగ్గడం. ఊపిరితిత్తులు నిమ్ముకుంటే రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. బొటాబొటిగా నడిచే మూత్రపిండపు లోపలి భాగానికి అది మొదటి దెబ్బ. వెంటిలేటరు గాలిని వత్తిడితో లోపలికి తోస్తుంది. ఆ వత్తిడివల్ల గుండెకి తిరిగి వచ్చే రక్తం తగ్గి, మూత్రపిండాలకి వెళ్ళే రక్తం కూడా తగ్గుతుంది.

మూడోది, మన ఒంటి రక్షణ శక్తి అదుపు తప్పడం. దొంగని పట్టుకోబోయి ఇంట్లో సామాను పగలగొట్టినట్టు, వైరసు మీద జరిగే యుద్ధంలో సొంత అవయవాలే వాచిపోతాయి. ఆ వేడిలో రక్తం చిక్కబడి సన్నని నాళాల్లో గడ్డలు కడుతుంది. మూత్రపిండమంతా సన్ననాళాల పోగే గదా.

నాలుగోది, వైరసు తిన్నగా మూత్రపిండంలోకి చేరడం. ఈ వైరసు మన కణాల్లో జొరబడటానికి ఏస్-2 అనే ఒక పదార్థాన్ని తలుపు గొళ్ళెంలా వాడుకుంటుంది. ఆ గొళ్ళేలు మూత్రపిండపు గొట్టాల కణాల మీద బాగా వున్నాయి. అయితే దెబ్బలో ఎంత భాగం ఇలా తగిలింది, ఎంత భాగం పైన చెప్పిన కారణాలవల్ల తగిలింది అనే విషయంలో శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు.

అయిదోది, మందులు. దీన్ని కాస్త నిదానంగా చదవండి. ఎందుకంటే పై నాలుగూ మన చేతిలో లేవు. ఇది చాలావరకు మన చేతిలోనిదే.

మందుల షాపు వైద్యం

ఒళ్ళు నొప్పులకీ, కీళ్ళ నొప్పులకీ మందుల షాపుల్లో అడగ్గానే ఇచ్చే మాత్రలున్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. ఆరోగ్యంగా వున్నవాడు ఒకటి రెండు వేసుకుంటే తట్టుకుంటాడు. నీరు ఎండి వున్న ఒంట్లో, జ్వరం మీద, ఇవి మూత్రపిండానికి వెళ్ళే రక్తనాళాన్ని కుదించేస్తాయి. అసలే సన్నగా పారుతున్న కాలవకి అడ్డం కట్టినట్టు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

కొన్ని రకాల బి.పి. మాత్రలూ, నీరు తియ్యడానికిచ్చే మాత్రలూ వాడేవాళ్ళు పై నొప్పి మాత్రలు కూడా కలిపితే ముప్పు మరీ ఎక్కువ. అలాగని బి.పి. మాత్రలు మీరే మానెయ్యకండి. 2020లో "ఈ మాత్రలవల్ల కరోనా ముదురుతుంది" అని ఒక పుకారు పుట్టింది. తరవాత జరిగిన పరిశోధనల్లో అది నిజం కాదని తేలింది. వాంతులో విరోచనాలో పట్టుకుని నీళ్ళు నిలవనప్పుడు మాత్రం ఆ మాత్రలు ఆ రెండు మూడు రోజులు వెయ్యాలా వద్దా అని డాక్టరుని ఫోన్ చేసయినా అడగండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళు కూడా అడగాలి.

2021లో కరోనా తగ్గినవాళ్ళకి, ముఖ్యంగా షుగరు వున్నవాళ్ళకి, బ్లాక్ ఫంగస్ వచ్చింది. దానికి వాడిన ఆంఫోటెరిసిన్ మందు ప్రాణాలు కాపాడింది. కాని అది మూత్రపిండాలకి కటువైన మందు. ఆ మందు తీసుకున్నవాళ్ళు మీ ఇంట్లో వుంటే వాళ్ళకి పరీక్ష తప్పనిసరి.

ఇహ ఇంటి వైద్యాలు. ఆ రోజుల్లో కషాయాలు కడివెడు కాచారు. మిరియాలూ అల్లమూ వేసి ఒక గ్లాసు తాగితే ఎవరికీ ఏమీ కాదు. ఎవరో ఇచ్చిన పేరు తెలియని పొడులూ, భస్మాలూ నెలల తరబడి మింగితేనే చిక్కు. "బలానికి" అంటూ విటమిన్ సి మాత్రలు గుప్పెళ్ళతో మింగారు. అది మితిమీరితే ఒంట్లో ఆక్సలేటుగా మారి మూత్రపిండంలో రాళ్ళు కట్టవచ్చు, గొట్టాలు పూడిపోనూవచ్చు. నిమ్మకాయ పులిహోర తిన్నంత మాత్రాన ఇలా జరగదు, నిశ్చింతగా తినండి.

ఇంట్లో జ్వరం వున్నప్పుడు

కరోనాయే కానక్కరలేదు. డెంగ్యూ అయినా, వానాకాలపు విరోచనాలయినా ఈ మాటలు పనికివస్తాయి.

పెద్దవాళ్ళు రోజుకి నాలుగైదుసార్లయినా ఒంటికి వెళ్ళాలి. రోజు మొత్తం మీద మూత్రం 400 మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసులు కూడా రాకపోతే అది ప్రమాద సూచన. రాత్రినుంచి మధ్యాహ్నం దాకా ఒక్కసారీ వెళ్ళకపోతే అప్పుడే ఆస్పత్రికి బయలుదేరండి, మర్నాటి దాకా ఆగవద్దు. మంచం పట్టిన రోగి అయితే ఒక పాత ప్లాస్టిక్ కొలత మగ్గు కేటాయించండి. ఎంత వచ్చిందో జ్వరం చీటీ మీదే రాయండి. సిగ్గుపడవలసిన పని కాదు. మీరిచ్చే ఆ లెక్క డాక్టరుకి ఎంతో విలువైనది.

మూత్రం రంగు చూడండి. లేత పసుపు మంచిది. చిక్కటి టీ రంగు వుంటే నీళ్ళు చాలలేదన్నమాట. నీళ్ళు తాగినా రంగు మారకపోయినా, కోకాకోలా రంగులో వున్నా, సబ్బు నురగలా నురగ వచ్చి ఎంతసేపటికీ పోకపోయినా డాక్టరుకి చూపించాలి. కాళ్ళూ, కళ్ళ కింద పొంగడం, అకారణంగా ఆయాసం, మగత, ఎడతెరిపి లేని ఎక్కిళ్ళు కూడా అశ్రద్ధ చెయ్యకూడనివే. ఒక హెచ్చరిక. మూత్రం మామూలుగా వస్తున్నా కొందరిలో మూత్రపిండం దెబ్బతిని వుంటుంది. కాబట్టి తీవ్రమైన జబ్బులో రక్త పరీక్ష కూడా కావాలి.

గంజి, పల్చటి మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పట్టండి. ఒకేసారి చెంబుడు తాగిస్తే వాంతవుతుంది. గుండె జబ్బు వున్నవాళ్ళకీ, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళకీ మాత్రం నీళ్ళకి హద్దు వుంటుంది. డాక్టరు చెప్పినంతే ఇవ్వాలి. వాళ్ళకి కొబ్బరినీళ్ళు కూడా మీ అంతట మీరు ఇవ్వవద్దు. అందులో పొటాషియం ఎక్కువ. మనకి చలవ చేసే కొబ్బరిబోండం వాళ్ళ గుండెకి ముప్పు తెస్తుంది.

తగ్గిన తరవాత

"నాకు కరోనా వచ్చి ఏళ్ళయింది గదండీ, ఇప్పుడు పరీక్ష దేనికి?" అని నన్ను చాలామంది అడుగుతారు. 2021లో అమెరికాలో మాజీ సైనికుల ఆరోగ్య రికార్డులు 17 లక్షలకి పైగా తిరగేశారు. కరోనా వచ్చి నెల రోజులు దాటి బతికి బయటపడిన 89 వేల మందిలో, రానివాళ్ళకంటే మూత్రపిండాల పని తగ్గిపోవడం ఎక్కువగా కనిపించింది. ఆస్పత్రిలో చేరనివాళ్ళలోనూ కొంత కనిపించింది. ఎంత తీవ్రంగా వచ్చివుంటే అంత ఎక్కువ. వాళ్ళలో ఎక్కువమంది వయసు మళ్ళిన మగవాళ్ళు గనక ఆ లెక్క మనకందరికీ యథాతథంగా వర్తించదు. కాని దారి చూపించడానికి చాలు.

కాబట్టి ఎవరు పరీక్ష చేయించుకోవాలో చెబుతాను. కరోనాతో ఆస్పత్రిలో చేరినవాళ్ళు, ఆక్సిజన్ పెట్టించుకున్నవాళ్ళు, అప్పుడు "క్రియాటినిన్ పెరిగింది" అని ఎవరయినా అన్నవాళ్ళు, బ్లాక్ ఫంగస్‌కి మందు వాడినవాళ్ళు. వీళ్ళతో పాటు కరోనా వచ్చినా రాకపోయినా షుగరు, బి.పి. వున్న ప్రతి ఒక్కరూ. మిగతావాళ్ళు కంగారుపడనక్కరలేదు.

చేయించవలసినవి మూడే. ఒకటి, బి.పి. చూపించుకోవడం. రెండు, రక్తంలో క్రియాటినిన్. మూడు, మూత్రంలో ఆల్బుమిన్. పెద్ద స్కానులు అక్కరలేదు. ప్రభుత్వ ఆస్పత్రిలో వీటికి డబ్బు తీసుకోరు. క్రియాటినిన్ అంకెని వయసుతో కలిపి చూడాలి. కండ పట్టిన పాతికేళ్ళ కుర్రవాడికి 1.2 మామూలే. బక్కపల్చని డెబ్బై ఏళ్ళ ముసలమ్మకి అదే 1.2 మామూలు కాకపోవచ్చు. అందుకని కాగితం మీద నక్షత్రం గుర్తు లేదని మీరే తీర్మానించుకోకుండా డాక్టరుకి చూపించండి. జబ్బులో మూత్రపిండం దెబ్బతిన్న ప్రతి ఒక్కరికీ మూడు నెలల తరవాత ఈ పరీక్షలు మళ్ళీ చెయ్యాలి. ఆ తరవాత ఏడాదికొకసారయినా.

నడుం నొప్పి వచ్చి "కిడ్నీ పాడయిందేమో" అని వచ్చేవాళ్ళు రోజూ వుంటారు. నూటికి తొంభైపాళ్ళు అది కండరాల నొప్పే. నిజంగా కిడ్నీ పాడయినవాళ్ళు నొప్పి లేదు గనక ఇంట్లో కూచుంటారు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందికి ఇలాగే నొప్పీ వాపూ లేకుండా మూత్రపిండాలు కరిగిపోయాయి. అక్కడి జబ్బుకీ కరోనాకీ సంబంధం లేదు. మూత్రపిండం చప్పుడు లేకుండా పోతుందన్న సంగతి మాత్రం ఆ పల్లెలు మనందరికంటే ముందే తెలుసుకున్నాయి.

మిగిలిన కథ

బట్టలకొట్టాయన 2021 జూన్‌లో ఇంటికి వచ్చాడు. డయాలసిస్ అవసరం తీరింది. డిశ్చార్జి నాటికి క్రియాటినిన్ 1.9. ఇంటిముందు దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళారు. ఆయన మా ఆస్పత్రికి వచ్చి నాకు దండం పెట్టాడు. నేను పొంగిపోయాను. "గండం గడిచిందిగా, బాగా తినండి" అన్నాను. మూడు నెలలకి మళ్ళీ రమ్మని చెప్పలేదు. నొప్పి మాత్రలు ముట్టుకోవద్దని చెప్పలేదు. కాగితాల మీద ఇంగ్లీషులో రాసే వుందట. ఆయనకి ఇంగ్లీషు రాదు.

2023 ఫిబ్రవరిలో కాళ్ళు పొంగి, మొహం ఉబ్బి మళ్ళీ వచ్చాడు. మోకాళ్ళ నొప్పులని ఏడాదిగా షాపులో మాత్రలు కొనుక్కుని వేసుకుంటున్నాడు. బి.పి. 190 మీద వుంది. క్రియాటినిన్ 9. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళుతున్నాడు. ప్రభుత్వ పథకం కింద జరుగుతోంది గనక డబ్బు ఖర్చు లేదు. కాని వారంలో మూడు రోజులు పోతే కొట్టు నడవదు. ఇప్పుడు కొట్టులో ఆవిడ కూచుంటోంది.

ఇందులో కరోనా పాలు ఎంత, పాత బి.పి. పాలు ఎంత, నొప్పి మాత్రల పాలు ఎంత అని విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. కాని 2021 సెప్టెంబరులో ఒక్క పరీక్ష చేసివుంటే, బి.పి. అదుపులో పెట్టి, ఆ మాత్రలు మాన్పించి వుంటే, ఈ రోజు ఇంకా కొన్నేళ్ళు వెనక్కి జరిగేదని మాత్రం చెప్పగలను. అందులో నా పాలు కూడా వుంది.

ఈమధ్య ఆవిడ ఒక పక్కింటావిడని వెంటబెట్టుకుని ఓ.పి.కి వచ్చింది. పక్కింటాయనకి షుగరు, నాలుగు రోజులుగా జ్వరం. నేను నోరు తెరవకముందే ఆవిడే, "నిన్నటినుంచీ మూడుసార్లే ఒంటికి వెళ్ళారటండీ, రంగు కూడా ముదురుగా వుందిట. మాత్రలేమీ కొనొద్దని చెప్పి తీసుకొచ్చాను" అంది. ఈసారి కూచుని మొత్తం విన్నాను. పరీక్ష చేయించాను. క్రియాటినిన్ 1.6. రెండు రోజులు సెలైను పెడితే దిగివచ్చింది. ఆయనకి మూడు నెలల తరవాత రావలసిన తారీకు తెలుగులో, పెద్ద అక్షరాలతో, నా చేత్తో రాసి ఇచ్చాను.

మీరు కూడా ఈ వారం ఒక పని చెయ్యండి. 2020, 2021లో మీ ఇంట్లో కరోనాతో ఆస్పత్రిలో పడుకుని వచ్చినవాళ్ళ కాగితాలు బీరువాలోనో పరుపు కిందో వుంటాయి. బయటికి తియ్యండి. అందులో క్రియాటినిన్ ఎంత వుందో చూడండి. ఆ కాగితం పట్టుకుని దగ్గరున్న ఆస్పత్రికి వెళ్ళి ఆ మూడు పరీక్షలూ చేయించండి. ఇహమీదట ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎంత వుందని అడిగిన నోటితోనే, ఒంటికి వెళ్ళారా అని కూడా అడగండి. డాక్టరు తొందరలో వుండి వినకపోతే ఇంకోసారి చెప్పండి. మేం విసుక్కున్నా సరే, మానవద్దు.